ముందు మూత కొనుక్కోమన్న ఫైరన్న షాపు (తిరుపతి, ఫైర్ సిలిండర్ల అమ్మకం, రీఫిల్)

మంటలార్పే ఫైర్ సిలిండర్ కావాలంటే ఆన్‌లైన్‌లో కొడితే రెండ్రోజుల్లో ఇంటికొచ్చేస్తాది, అయినా తిరుపతిలో ఎవరడిగినా నేను ఈ షాపుకే పొమ్మంటాను. షాపు పెట్టిన అన్న ఫైర్ సర్వీసులో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి 2018లో రిటైరైనాడు, ఆ తర్వాత కొర్లగుంట పక్కన ఒంటి షట్టర్ రూము బాడుగకు తీసుకుని సిలిండర్లు అమ్మడం, రీఫిల్ చేయడం మొదలుపెట్టినాడు. అందరూ ఫైరన్న అనే పిలిచేవాళ్లు. పోయిన ఏడాది చివర్లో చనిపోయినాడు. ఇప్పుడు కొడుకు, కోడలు చూసుకుంటా ఉండారు. ఆయన పోయినాక షాపు ఎట్లుందని మా హోటళ్లోళ్లు, లాడ్జీలోళ్లు శానామంది అడుగుతా ఉంటే సరే అని రాస్తున్నా. రివ్యూ పొడుగైతాది, ఏమనుకోవద్దు. ఈ షాపులో ఏ పని చూసినా దాని వెనక ఆయన సర్వీసు ఉంది, నాకు తెలిసింది కొంచెమే, ఆయనతో పనిచేసినోళ్లు చెప్పింది ఎక్కువ.

మాది కర్రీ పాయింట్, సాయంత్రం పూట బోండాలు, బజ్జీలు గూడా వేస్తాం. లైసెన్సుకి కావాలంటే మొదటిసారి పోయినాను, ఒక సిలిండర్ ఇవ్వన్నా బిల్లు రాయన్నా అని నిలబడే అడిగినాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి వరుసగా అడగడం మొదలుపెట్టినాడు, పొయ్యిలు ఎన్ని, గ్యాసు లోపల పెట్టినావా బయట పెట్టినావా, తలుపు లోపలికి తెరుచుకుంటాదా బయటికా, లోపల ఒకేసారి ఎంతమంది ఉంటారు, బోండాల బాండలి ఎంత వెడల్పు. చేతులు చాపి చూపించినాను. "దానికి సరిపోయే మూత ఉందా పాపా?" అన్నాడు. లేదన్నాను, నూనె బాండలికి మూత ఎవరు పెడతారు. "అయితే ముందు మూత కొనుక్కో, తర్వాత నా దగ్గరికి రా" అని ఆ రోజు సిలిండర్ అమ్మకుండానే పంపించినాడు. గాంధీ రోడ్డులో పాత్రల షాపుకి పోయి బాండలి కంటే ఒక బెత్తెడు పెద్దది, పిడి పొడుగ్గా ఉండేది తీసుకున్నాను.

ఎందుకనేది తర్వాత మా కిచెన్‌కి వచ్చినప్పుడు వివరంగా చెప్పినాడు. నూనె మంటుకున్నప్పుడు నీళ్లు పోస్తే నీళ్లు బరువు కాబట్టి నూనె అడుక్కి పోతాయి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరైపోయి మండే నూనెని పైకి ఎగజిమ్ముతాయి, ఆ మంట సీలింగుకి తగులుతాది. దగ్గర్నుంచి ఫైర్ సిలిండర్లో ఉండే పౌడరు కొట్టినా ఆ జోరుకి నూనె చిందుతాది. అందుకని ముందు పక్కనుంచి మూత జరిపి పెట్టాల, పొయ్యి ఆపాల, ఆరిపోయిందని మూత తీసి చూడకూడదు, నూనె బాగా చల్లారేదాకా వదిలేయాల, లేకపోతే గాలి తగిలి మళ్లీ అంటుకుంటాది. మంట బాండలి దాటి బయటికొచ్చినప్పుడే సిలిండర్ పని, అది గూడా దూరంగా నిలబడి కొట్టాల. ఇదంతా చెప్పి సిలిండర్ని తలుపు పక్కన, మా వంటమనిషికి చెయ్యందే ఎత్తులో తనే డ్రిల్ పెట్టి తగిలించినాడు. నేను పొయ్యి పక్కనే పెట్టమన్నాను, "ఆడ పెడితే మంటలో చెయ్యి పెట్టి తీసుకోవాల్సొస్తాది కదమ్మా" అన్నాడు. తర్వాత ఒక సాయంత్రం పార్సిళ్ల రద్దీలో నిజంగానే నూనె మంటుకుంది. మా వంటమనిషి మూత జరిపి పొయ్యి ఆపేసింది, అంతే. కౌంటర్ ముందు నిలబడినోళ్లకి గూడా తెలియలేదు. గోడ మీద సిలిండర్ గోడ మీదే ఉంది. అంత పెద్ద సాయం చేసిన వస్తువు ఆయన షాపులో కొన్నది కాదు.

ఈ షాపుకి పోయేదానికి అసలు కారణం రీఫిల్. మామూలుగా బయట ఏం చేస్తారంటే పాత సిలిండర్ పట్టుకుపోతారు, తుడిచి, కొత్త స్టిక్కర్ అంటించి తెచ్చి ఇస్తారు, లోపల ఏం మార్చినారో దేవుడికే తెలియాల. ఈడ అట్ల కాదు. మీ సిలిండర్ మీరే తీసుకుపోవాల, వెనక ఖాళీ స్థలంలో ఇనప ట్రేలో అడుగున నీళ్లు, పైన కొంచెం ఆయిల్ పోసి మంట పెడతారు, మీ పాత పౌడరుతోనే ఆ మంట మీరే ఆర్పాల. మా దగ్గర పార్సిల్ కట్టే అమ్మాయిని పంపించినాను ఆ రోజు. పిన్ను లాగేదానికే వేలు వణికింది పాపం, నొక్కగానే ఆ సౌండుకి అదిరిపడి మంట పైభాగంలోకి కొట్టింది, తెల్లగా పొగ లేసింది గానీ మంట అట్లనే ఉంది. అన్న ఆ పిల్ల వెనకాల నిలబడి మోచెయ్యి పట్టి కిందికి దించినాడు, "మొదట్లోకి పట్టమ్మా, చీపురుతో ఊడ్చినట్లు అటూ ఇటూ తిప్పు" అన్నాడు. మంట టక్కున పడిపోయింది. గాలి నీ వీపు వైపు నుంచి రావాల, బయటికి పోయే దారి నీ వెనకాలే ఉండాల, సిలిండర్ కొన్ని సెకన్లలో అయిపోతాది కాబట్టి దూరంలో వేస్ట్ చేసుకోవద్దు, ఇవన్నీ ఆడ నిలబడి చేస్తే తలకెక్కుతాయి, వీడియోలో చూస్తే ఎక్కవు. ఆ పిల్ల ఇప్పుడు మా దగ్గరికొచ్చే కొత్తోళ్లకి తనే నేర్పిస్తా ఉంది.

అప్పుడు ఖాళీ అయిన సిలిండర్ని మీ ముందరే విప్పి, లోపల లైటు పెట్టి తుప్పు ఉందేమో చూపించి, ప్రెషర్ టెస్ట్ టైమైతే అది చేసి, కొత్త పౌడరు తూకం వేసి పోసి, నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ మీటరు ముల్లు పచ్చలోకి వచ్చిందని చూపించి ఇస్తారు. కంప్యూటర్లు, కరెంటు ప్యానెళ్ల కాడ పెట్టే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు) సిలిండర్లకైతే ముల్లు ఉండదు, తూకమే ఆధారం. సిలిండర్ మెడ కాడ కొట్టిన ఖాళీ బరువు నంబరు మనచేతే చదివిస్తారు, తర్వాత కాటా మీద పెడతారు, తేడా ఎంతుంటే లోపల గ్యాసు అంత. మా మరిది వాళ్ల జిరాక్స్ షాపు సిలిండర్ అట్ల తూకం వేస్తే సగం గూడా లేదు, బయట మెరిసిపోతా ఉండింది, ఏ షాపులో నింపించినాడో ఆ పేరు ఈడ ఎందుకులే.

ఈ మంట పెట్టి ఆర్పించే పద్ధతి ఎందుకు పెట్టినాడనేది నాకు ఈ ఏప్రిల్ 14న తెలిసింది. ఫైర్ సర్వీసోళ్లకి అది పెద్ద రోజు. 1944లో అదే తారీఖున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ, లోపల పత్తి బేళ్లు, పేలుడు సామాను రెండూ ఉండగా మంటుకుని పేలిపోయింది, ఆర్పేదానికి పోయిన ఫైర్ సిబ్బంది 66 మంది చనిపోయినారు, వాళ్ల జ్ఞాపకంగా ఆ రోజు నుంచి 20వ తారీఖు దాకా వారోత్సవాలు చేస్తారు. అన్న ఉన్నన్నాళ్లు ఆ పొద్దు షాపు మూసి స్టేషన్‌కి పోయి దండం పెట్టుకుని వచ్చేవాడంట. ఈసారి స్టేషన్ కాడ కార్యక్రమం అయినాక ఆయనతో చేసినోళ్లంతా నేరుగా షాపుకి వచ్చినారు. ఉప్మా, కాఫీ మా కర్రీ పాయింట్ నుంచి తీసుకుపోయినాను కాబట్టి నేను గూడా ఆడే ఉన్నాను. షట్టర్ ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ఎండెక్కేదాకా మాట్లాడుకుంటానే ఉన్నారు.

ఫైర్ ఇంజన్ నడిపిన పెద్దాయన ఒకరు, డ్రైవర్ ఆపరేటర్‌గా అన్నతో శానా ఏళ్లు చేసినాడు, ఆయన చెప్పింది ఇది. ఒక షాపులో మంట, పోయేసరికి అంతా అయిపోయింది, అదృష్టం మనుషులు బయటపడినారు, సరుకంతా బూడిద. అన్న లోపలికి పోయి చల్లార్చే పని చూస్తా చూస్తా తలుపు పక్క గోడకి తగిలించిన సిలిండర్ చూసినాడంట. రంగు మాడింది గానీ పిన్ను అట్లే ఉంది, సీలు అట్లే ఉంది. దాన్ని బయటికి తెచ్చి పనిచేసే పిల్లోడిని అడిగితే "దాని పక్కన్నే పరిగెత్తినాను సార్, ఎట్ల తీయాలో తెలియదు" అన్నాడంట. అన్న ఆ పిల్లోడిని ఒక్క మాట అనలేదు. ఇంజన్ మెట్టు మీద కూర్చుని ఆ సిలిండర్ ఒళ్లో పెట్టుకుని "కొన్నోడిది తప్పు కాదు, అమ్మినోడిది" అన్నాడంట. రిటైరైతే ఇదే షాపు పెడతానని ఆ రోజే చెప్పినాడని డ్రైవరన్న చెప్తా ఉంటే కొడుక్కి గూడా ఆ సంగతి కొత్తే.

గడ్డివాముల గురించి గూడా చెప్పినారు. ఎండాకాలం వస్తే మన చుట్టుపక్కల పల్లెల నుంచి ఎక్కువ కాల్స్ అవేనంట. వామి మీద ఎన్ని నీళ్లు కొట్టినా పైనే జారిపోతాయి, లోపల కుంపటి అట్లనే రగులుతా ఉంటాది, కొక్కేలతో లాగి, విడగొట్టి, తడిపి, మళ్లీ లాగాల. గంటలు గంటలు పట్టే పని, పేరు రాని పని. ఇంజన్ లేటైందని ఊరోళ్లు తిడతా ఉంటే అన్న తిరిగి ఒక్క మాట అనడంట, ముందు పోయి పశువుల పలుపులు విప్పేసేవాడంట. ఒకసారి చంద్రగిరి వైపు ఒక ఊర్లో వామి ఆర్పి వచ్చినాక, డ్యూటీ దిగి, మర్నాడు పొద్దున్నే సొంత బండి వేసుకుని మళ్లీ ఆ ఊరికి పోయినాడంట, లోపల రాజుకుందేమో చూసేదానికి. రాజుకునే ఉంది. ఆ రైతు, వాళ్ల ఇంటామె, ఈయన ముగ్గురూ కడవలతో పోసి ఆర్పినారంట. ఆ రైతు ఇప్పటికీ మామిడికాయల టైములో వీళ్ల ఇంటికి ఒక గంప పంపుతాడని అన్న భార్య, మా వదిన చెప్పింది.

ఇంకొకాయన ఇప్పుడు స్టేషన్ ఫైర్ ఆఫీసర్, కొత్తగా చేరినప్పుడు అన్న కింద ఫైర్‌మన్. పాత బావిలో మోటారు రిపేరుకి దిగినాయన పడిపోతే పోయినారంట. లోపల డీజిల్ ఇంజన్ ఆడించినారు, ఆ పొగంతా కిందనే నిలబడిపోయింది. పడిపోయినాయన తమ్ముడు నేను దిగుతా నేను దిగుతా అని ఏడుస్తా ఉన్నాడు, అన్న ఆ పిల్లోడిని రెండు చేతులా వాటేసుకుని వదల్లేదంట. "దిగినోడు దిగినట్లే ఉండిపోతాడు నాయనా, ఒక్క నిమిషం ఆగు" అంటా ఉంటే ఆ పిల్లోడు గుద్దిన గుద్దులకి పెదవి పగిలి రక్తం కారతా ఉన్నా పట్టు వదల్లేదు. ఈలోపల ఊపిరి పీల్చుకునేదానికి గాలి సిలిండర్, మాస్కు ఉండే బీఏ సెట్ రెడీ చేసినారు, పిల్లోడిని పక్కోళ్లకి అప్పగించి తనే తగిలించుకుని నడుముకి తాడు కట్టుకుని దిగినాడు. బావిలో ఆయన బతికినాడు. సార్ ఇది చెప్పి, నేను ఇప్పుడు కొత్త పిల్లోళ్లకి బావి, సెప్టిక్ ట్యాంకు అంటే ముందు ఇదే చెప్తానమ్మా, పుస్తకంలో ఉండేది తర్వాత అన్నాడు.

మీరు ఈ షాపులో కొనే ప్రతి సిలిండర్ ట్యాగ్ వెనకాల పెన్నుతో రాసి ఉంటాది చూడండి, "పొగ నిండితే దీన్ని వదిలేసి బయటికి రండి, తలుపు మూయండి, 101కి చేయండి, తలలు లెక్కపెట్టుకోండి" అని. అమ్మేవాడే వస్తువు వదిలేసి పారిపొమ్మని రాయడం నేను ఇంకెక్కడా చూడలేదు. అప్పుడు ఆయన చేతిరాత, ఇప్పుడు కోడలి చేతిరాత, మాటలు అవే.

తలలు లెక్కపెట్టుకోవడం గురించి ఆయన ఫ్రెండు, కొండ మీద అడవిలో వాచర్‌గా చేసినాయన ఇంకొంచెం చెప్పినాడు. 2014 మార్చిలో శేషాచలం కొండల్లో మంటలు రేగినాయి కదా, ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోయాల్సి వచ్చింది, తిరుపతిలో మేడ మీద నిలబడితే పొగ కనబడేది. ఆ వాలుల్లోకి ఇంజన్ పోదు, హోసు అందదు. ఫారెస్టోళ్లు, ఫైరోళ్లు కలిసి పచ్చి కొమ్మలు విరిచి మంటని బాదుతా, ఎండుగడ్డి చెక్కేసి అడ్డం గీతలు తీస్తా పోయినారంట. అన్న తన బ్యాచ్‌లో ఉన్నోళ్లని పోయే ముందు లెక్కపెట్టడం, గాలి తిరిగితే లెక్కపెట్టడం, కూర్చుంటే లెక్కపెట్టడం. ఒకసారి ఒక మనిషి తక్కువొస్తే ఎంతమంది వద్దన్నా అట్లనే వెనక్కి పోయినాడంట, ఆ మనిషి కాలు మడతపడి బండ కింద కూర్చుని ఉన్నాడు. ఆ కూర్చున్న మనిషి తనేనని చెప్పేటప్పుడు వాచరన్న గొంతు పూడుకుపోయింది, కాసేపు ఎవరూ మాట్లాడలేదు, వదినే మళ్లీ కాఫీ పోసింది.

వదిన చెప్పింది దీపావళి సంగతి. పెళ్లైనప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఒక్క దీపావళి ఇంట్లో లేడంట, టపాకాయల అంగళ్ల కాడ స్టాండ్‌బై డ్యూటీ. సరే రిటైరైనాడు కదా ఇంక పిల్లలతో కూర్చుంటాడనుకుంటే వీధి మొదట్లో ఇసక బకెట్, నీళ్ల బకెట్ పెట్టుకుని కుర్చీ వేసుకునేవాడంట అర్ధరాత్రి దాకా. పిల్లోళ్లు నైలాన్ బట్టలతో వస్తే ఇంటికి పంపి నూలు బట్టలు వేసుకుని రమ్మనేవాడు. 2021 నవంబర్‌లో తిరుపతి మునిగిపోయినప్పుడు గూడా అంతే, రిటైరైన మనిషి, మోకాళ్ల నొప్పులు, అయినా వీధిలో ఈ చివర కరెంటు స్తంభం వదిలేసి వేపచెట్టుకి, ఆ చివర ఇంటి పిల్లర్‌కి తాడు కట్టి, అది పట్టుకుని ముసలోళ్లని దాటించినాడు. ఆ తాడు ఇంకా షాపులో మేకుకి తగిలించి ఉంది.

ఇంకొకటి ఆయన డైరీ. ఇది మాత్రం షాపుకి పోయినప్పుడు అడిగి చూడండి. సర్వీసులో ఉన్నప్పుడు తిరుపతి సందులన్నీ నడిచి రాసుకున్నాడు, బేరివీధి వైపు ఏ మలుపులో ఇంజన్ తిరగదు, యాడ వైర్లు కిందికి ఉన్నాయి, యాడ రివర్స్‌లో పోవాల, దగ్గర్లో బోరు యాడ. మీ అడ్రస్ చెప్తే కొడుకు ఆ డైరీ తీసి మీ బిల్డింగుకి ఇంజన్ యాడిదాకా వస్తాదో చెప్తాడు. మాకైతే సందు మొదట్లోనే ఆగిపోతాదని చెప్పి, "అక్కా, మీకు మొదటి కొన్ని నిమిషాలు మీరే దిక్కు, అందుకని రెండో సిలిండర్ పెట్టుకోండి" అన్నాడు. అమ్ముకునేదానికి చెప్పినాడనుకోలేను, ఆ సందు నాకు తెలుసు. 2023 జూన్‌లో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఫొటో ఫ్రేములు అమ్మే బిల్డింగు కాలినప్పుడు మనందరం చూసినాం కదా ఆ ఇరుకుల్లో ఎంత కష్టమో.

ఇంక ఇప్పటి షాపు ఎట్లుందనే మాటకొస్తే. పని నాణ్యత తగ్గలేదు, ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నా. మొన్న మా రెండు సిలిండర్లు రీఫిల్‌కి తీసుకుపోతే ఒకదాని హోసు పైపు మడత కాడ పగిలి ఉందని నేను చూడకముందే కోడలే చూసి మార్చేసింది. ఆమె పద్ధతిగా నేర్పిస్తాది, ఆడవాళ్లకి ఆమె చెప్తేనే బాగుంటాది. కానీ అన్న ఉన్నప్పుడు రీఫిల్ గడువు దగ్గరికొస్తే ఆయనే ఫోన్ చేసేవాడు, ఇప్పుడు ఆ ఫోన్ రావడం లేదు, గడువు మనమే గుర్తు పెట్టుకోవాల. కొడుక్కి వేరే ఉద్యోగం ఉంది, సాయంత్రం దాకా ఉండడు, ఇంటికొచ్చి తగిలించే పనికి నాలుగైదు రోజులు లాగుతున్నాడు. జీఎస్టీ బిల్లు అడిగితే అప్పటికప్పుడు రాదు. అన్న ఉంటే ఇవి ఉండవు, కానీ ఆ పిల్లోడు రెండు చోట్లా నలుగుతా గూడా షాపు మూయలేదు, అందుకే నేను వీటిని తప్పుగా పట్టుకోను. రేటు ఆన్‌లైన్ కంటే కొంచెం ఎక్కువే పడుతుంది, నేర్పించేదానికి మాత్రం పైసా తీసుకోరు.

నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర, ఆ సగం ఫోన్ రిమైండర్ కోసం ఆపినాను, మొదలుపెడితే మార్చేస్తా. బండి షాపు ముందర పెట్టేదానికి చోటు లేదు, మెయిన్ రోడ్డులో పెట్టి నడవాల, సిలిండర్ బరువుంటే ఆటోలో పొండి. ఆదివారం షాపు మూసి ఉంటాది. మంట పెట్టి నేర్పించేది సాయంత్రం నాలుగు తర్వాతే, గాలి ఎక్కువుంటే పెట్టరు, ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి. ఓనర్లు మాత్రమే పోతే లాభం లేదు, పొయ్యి కాడ నిలబడే మనిషిని, కౌంటర్లో కూర్చునే మనిషిని ఇద్దర్నీ తీసుకుపొండి, నూలు బట్టలు వేసుకుని పొమ్మనండి, లేకపోతే కోడలు వెనక్కి పంపేస్తాది.